వెనక్కి వచ్చిన ఈఓటీ క్లెయిమ్‌ను నిలబెట్టిన తీరు

ఫ్లైఓవర్ పనికి మేం పెట్టిన గడువు పొడిగింపు (ఈఓటీ) క్లెయిమ్‌ను క్లయింట్ తిప్పికొట్టాడు, స్థలం ఆలస్యంగా ఇచ్చిన మాట నిజమే గానీ మీ గర్డర్లూ (పైన పెట్టే దూలాలు) లేటే కదా అని. వాటిని మోసే స్తంభం, పియరే లేచి నిలబడనప్పుడు గర్డర్ ఎక్కడ పెట్టాలట?

వాదన పక్కన పెట్టి, ప్రైమావెరా అనే షెడ్యూల్ సాఫ్ట్‌వేర్‌లో నెలనెలా సేవ్ చేసిన అప్‌డేట్లన్నీ బయటికి తీసి, ఒక్కో నెలను ఒక్కో విండోగా విడగొట్టి క్రిటికల్ పాత్ (ఒక్కరోజు జారినా మొత్తం గడువే జారే పనుల వరస) ఎటు నడిచిందో చూశాను (నిర్మాణ పనుల జాప్యాలపై సొసైటీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ లా ఇచ్చిన మార్గదర్శి, ఎస్‌సీఎల్ ప్రోటోకాల్ 2017 కూర్పులో చెప్పిన టైమ్ స్లైస్ పద్ధతి ఇదే). గర్డర్లకు అప్పటికింకా ఫ్లోట్ (గడువు జారకుండా ఆలస్యం కాగల వెసులుబాటు) ఉంది, పియర్ పునాదికి ఒక్కరోజు కూడా లేదు. అయినా ఉత్త షెడ్యూల్ చూపిస్తే ఎవరూ నమ్మరు. అసలు బలం పనికి వచ్చిన అడ్డంకులు రాసే హిండ్రెన్స్ రిజిస్టర్‌దే: స్థలం అప్పగించని తేదీలు, పక్కనే క్లయింట్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) సంతకం.

గడువు ఇచ్చారు, బిల్లుల్లో ఎల్‌డీ (ఆలస్యానికి ఒప్పందంలో ముందే పెట్టిన పరిహారం) కోత ఆగింది. ఓవర్‌హెడ్ల (సైటు, ఆఫీసు నిర్వహణ ఖర్చుల) డబ్బు మాత్రం ఇంకా ఆర్బిట్రేషన్‌లో నలుగుతోంది.