నీరు రెట్టింపు కావాలంటే మోటారు ఒక్కటే మారిస్తే చాలదు

ఆకివీడు వైపు చెరువుల దగ్గర నేను బిగించే మోటార్లు నీటిని ఎత్తేది రెండు మీటర్లే. మిగతా శ్రమంతా ఆ నీటిని పైపులో నెట్టడానికే. కిందటి వేసవిలో ఒక రొయ్యల రైతు "నీళ్లు రెట్టింపు రావాలండీ, రెట్టింపు మోటారు పెట్టేయండి" అన్నారు. ముందు కొలుద్దామన్నాను.

డెలివరీ వైపు, అంటే మోటారు నుంచి నీరు బయటికి వెళ్లే వైపు, గేటు వాల్వు దాటాక పైపుకు చిన్న రంధ్రం చేసి నిపిల్ బిగించండి. దానికి పారదర్శకమైన గొట్టం తొడిగి వెదురు గడకు నిలువుగా కట్టండి. మోటారు వేయగానే నీరు గొట్టంలో ఎగబాకి, కాసేపు ఊగి, ఒకచోట నిలుస్తుంది. అవతలి చివర పైపు నిండుగా పారుతూ గాలిలోకి పోస్తుండాలి. తాపీమేస్త్రీల మట్టం గొట్టంతో ఆ మూతి ఎత్తును వెదురు మీదికి తెచ్చి గీత పెట్టండి. గీత నుంచి గొట్టంలోని నీటి అంచు దాకా ఉన్న ఎత్తే పైపులో ఘర్షణకు పోయింది, అదే నష్టం.

ఆయనది 90 ఎంఎం పీవీసీ, 200 మీటర్లు. గీత పైన నీరు 2.6 మీటర్లు నిలిచింది. 200 లీటర్ల డ్రమ్ము 33 సెకన్లలో నిండింది, అంటే సెకనుకు 6 లీటర్లు.

ఇక లెక్క. కొత్త ప్రవాహాన్ని పాతదానితో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, దాంతో పాత నష్టాన్ని గుణించండి. 9 లీటర్లకు ఒకటిన్నర రెట్లు, వర్గం 2.25, నష్టం 5.85 మీటర్లు. 12 లీటర్లకు నాలుగింతలు, 10.4 మీటర్లు. పైపులో ఘర్షణ నష్టం లెక్కించే హేజన్-విలియమ్స్ సూత్రంలో ఘాతం 1.85 కాబట్టి 9.4 వస్తుంది. నేను వర్గమే వాడతాను, నాచు పట్టే పైపుకు ఆ మిగులు ఉండాలి.

చాలామంది తప్పేది ఇక్కడే: నీటిని ఎత్తే రెండు మీటర్లనూ నష్టాన్నీ కలిపిన 4.6ను నాలుగుతో గుణిస్తారు. ఆ రెండు మీటర్లు మారవు, నష్టమే పెరుగుతుంది. కాబట్టి మొత్తం హెడ్, అంటే ఎత్తూ నష్టమూ కలిపి, 12.4 మీటర్లు. నీరు రెండింతలు, హెడ్ 2.7 రెట్లు, రెండూ గుణిస్తే శక్తి అయిదు రెట్లు దాటింది! రెట్టింపు మోటారు ఏ మూలకు?

మోటారు నీటిని లాగే సక్షన్ పైపు, దాని అడుగునుండే ఫుట్ వాల్వు నష్టాలను ఈ గొట్టం చూపదు. అవీ ఇలాగే పెరుగుతాయి, కొంత కలుపుకోండి.

చివరికి పాత లైను పక్కనే మరో 90 పైపు వేసి, ఆయన కోరిన మోటారే పెట్టాం. ఒక్కో పైపులో మళ్లీ ఆరు లీటర్లే. గొట్టంలో నీరు పాత గీత పైన 2.6 దగ్గరే నిలిచింది.