ఎంజీ మిడ్జెట్ గేరు రాడ్డు గలగల: నా అనుభవం

ఎంజీ మిడ్జెట్ రెండు సీట్ల చిన్న బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. ఏ-సిరీస్ అనే పాత రకం ఇంజిన్ ఉన్న మిడ్జెట్‌లో గేరు రాడ్డు గలగలలాడుతుంటే ముందు చూడాల్సింది రాడ్డును కాదు, దాని మొదట్లో ఉండే ప్లంజర్ అనే చిన్న పిన్నును. రాడ్డును ఒక పక్కకు నొక్కి పట్టేది అదీ, దాని వెనక స్ప్రింగూ. స్ప్రింగు సడలినా, ప్లంజర్ జిడ్డు పట్టి బిగుసుకున్నా మోత మొదలవుతుంది.

న్యూట్రల్‌లో పెట్టి, రబ్బరు తొడుగు తీసి, ప్లంజర్ మూత విప్పి స్ప్రింగుతో సహా బయటికి తీశాను. ఆ తర్వాతే రాడ్డును పట్టి ఉంచే మూడు స్క్రూలు విప్పాను. రాడ్డు రాగానే రంధ్రాన్ని గుడ్డతో కప్పాలి, ఒక్క వాషర్ లోపల పడినా పెద్ద పనే. కిరోసిన్‌తో కడిగి, కొత్త స్ప్రింగు వేసి, పల్చగా గ్రీజు రాస్తే మోత పోయింది.

పాత రాడ్డు కొనేవాళ్లు మోడల్ అడగండి. 1974 చివర్లో వచ్చిన మిడ్జెట్ 1500లో ట్రయంఫ్ కంపెనీ ఇంజిన్, మోరిస్ మారినా కారు తరహా గేర్‌బాక్స్ ఉంటాయి. దాని రాడ్డు ఏ-సిరీస్ మిడ్జెట్‌కు పట్టదు.