టీనేజ్ బైపోలార్ రీసెర్చ్ చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: స్కాన్ బొమ్మని ఎంతవరకు నమ్మాలి

పోయిన పాఠంలో డైరీ మొదలుపెట్టమని చెప్పా కదా, రోజుకి రెండే మాటలు, ఎన్ని గంటలు పడుకున్నారు, లేచాక ఒంట్లో ఓపిక ఎలా ఉంది అని. రాస్తూ ఉంటే దాన్ని పక్కనే పెట్టుకోండి, చివర్లో పనుంది. రాయకపోయినా పర్లేదు, ఈ పాఠం అయ్యాక మొదలుపెట్టొచ్చు.

ఈసారి మనం నేర్చుకునేది ఒక్కటే. "టీనేజ్ పిల్లల్లో బైపోలార్‌ని మెదడు స్కాన్‌లో ముందే కనిపెట్టారు" అనే టైపు వార్త కనపడితే దాన్ని ఎలా చదవాలి, ఏ ప్రశ్నలు వేసుకోవాలి. బైపోలార్ అంటే మూడ్ కొన్నాళ్ళు బాగా పైకి (దాన్నే మేనియా అంటారు), కొన్నాళ్ళు బాగా కిందికి (డిప్రెషన్) వెళ్ళే జబ్బు.

ఇది నాకెందుకంత ముఖ్యమో చెప్తాను. మా తమ్ముడికి పదహారేళ్లప్పుడు వాడి తీరు మారిపోతుంటే నేను రాత్రంతా ఇలాంటి వార్తలే చదివేదాన్ని, చదివి చదివి స్కాన్ తీయిద్దాం అని ఇంట్లో పట్టుబట్టాను, తీయించాం, నార్మల్ అని రిపోర్ట్ వచ్చింది, హమ్మయ్య అనుకుని ఇంటికొచ్చేశాం. ఆరు నెలలు తిరక్కుండానే మేనియా వచ్చి వాణ్ణి హాస్పిటల్‌లో చేర్చాల్సొచ్చింది. స్కాన్ నార్మల్‌గా ఉంటే బైపోలార్ లేనట్టు కాదు అని నాకు అప్పుడు తెలీదు. డాక్టర్లు ఇలాంటప్పుడు స్కాన్ రాసేది ఎక్కువగా మెదడులో గడ్డో, దెబ్బో, ఇంకేదైనా జబ్బో ఉందేమో చూసి, అవేవీ కావని తేల్చుకోవడానికి. బైపోలార్ ఉందా లేదా అని చెప్పే స్కాన్ ఇవాళ్టికీ లేదు.

సరే, మొదటి ప్రశ్న. వార్త చదవగానే చూడాల్సింది స్కాన్ ఎప్పుడు తీశారు అని. జబ్బు బయటపడ్డాక తీశారా, పడకముందే తీశారా? ఎక్కువ స్టడీల్లో అప్పటికే డయాగ్నసిస్ అయిపోయి మందులు కూడా వాడుతున్న వాళ్ళని తీసుకొచ్చి, ఏ జబ్బూ లేని వాళ్ళతో పోలుస్తారు. అందులో తేడా కనపడితే అది జబ్బుకి ముందునించీ ఉందా, జబ్బు వల్ల వచ్చిందా, మందు వల్ల వచ్చిందా అన్నది ఆ బొమ్మ చెప్పలేదు. "ముందే కనిపెట్టారు" అని రాయాలంటే పిల్లల్ని బాగున్నప్పటి నించీ ఏళ్ల తరబడి చూస్తూ రావాలి. అలా చేసేవాళ్ళు ఉన్నారు, అమ్మకో నాన్నకో బైపోలార్ ఉన్న పిల్లల్ని తీసుకుని వాళ్ళు పెద్దయ్యేదాకా చూస్తారు, అమెరికాలో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో బోరిస్ బిర్మహర్ టీమ్, కెనడాలో ఆన్ డఫీ టీమ్, నెదర్లాండ్స్‌లో ఇంకో టీమ్. ముందస్తు గుర్తుల గురించి నేను ఎక్కువ బరువిచ్చేది ఇలాంటి స్టడీలకే.

రెండో ప్రశ్న, తేడా ఉంది సరే, ఎంతుంది? ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం, ఎందుకంటే అందరూ జారిపోయేది ఇక్కడే.

ఎనిగ్మా అని ప్రపంచమంతా ఉన్న రీసెర్చ్ టీముల కూటమి ఒకటుంది, ఎవరి స్కాన్లు వాళ్ళ దగ్గరే చిన్న చిన్న గుంపులుగా ఉండిపోతే లాభం లేదని అన్నీ ఒకే పద్ధతిలో కొలిచి కలుపుతారు. 2018లో వీళ్ళు 28 టీముల నించి 6,500 మంది దాకా స్కాన్లు కలిపి చూస్తే, బైపోలార్ ఉన్న పెద్దవాళ్ళలో మెదడు పైపొర, అంటే కార్టెక్స్, నుదుటి వెనక భాగంలోనూ కణతల వైపూ సగటున కొంచెం పల్చగా ఉందని తేలింది. బైపోలార్‌కి ఇచ్చే లిథియం అనే మందు వాడుతున్న వాళ్ళలో ఆ పొర మందంగా ఉండటం కూడా కనపడింది, అందుకే ఇందాక మందుల మాట ఎత్తా. ఈ ఫలితం మీద నాకు నమ్మకముంది, ఇంతమందిని ఒకే కొలతతో చూశారు కాబట్టి. కానీ ఆ తేడా సైజు చూడండి, అన్నిటికన్నా ఎక్కువ తేడా కనపడిన చోట కూడా స్టాటిస్టిక్స్ వాళ్ళు ఎఫెక్ట్ సైజ్ అనేది 0.3 దగ్గరే ఉంది.

0.3 అంటే ఏంటో మామూలు మాటల్లో చెప్తా. బైపోలార్ ఉన్న గుంపులోంచి ఒకర్ని, లేని గుంపులోంచి ఒకర్ని చీటీ తీసినట్టు తీశాం అనుకోండి, ఇద్దర్లో పొర పల్చగా ఉన్నది బైపోలార్ ఉన్న మనిషికే అవ్వడం 100కి 58 సార్లు జరుగుతుంది. స్కాన్ జోలికే పోకుండా బొమ్మా బొరుసా వేసినా 50 సార్లు కరెక్ట్ అవుతాం. అంటే స్కాన్ మనకిచ్చింది ఆ 8. గుంపు సగటులో తేడా నిజమే, రీసెర్చ్‌కి అది చాలా విలువైనదే, జబ్బు మెదడులో ఎక్కడ పనిచేస్తోందో వెతకడానికి దారి చూపిస్తుంది, కానీ మన ఇంట్లో ఉన్న ఒక్క పిల్లాడి గురించి అది దాదాపు ఏమీ చెప్పదు. వార్తల్లో రంగురంగుల బొమ్మ పక్కన ఈ సంఖ్య వెయ్యరు, మనమే వెతుక్కోవాలి.

ఇక టీనేజ్ వాళ్ళ విషయంలో ఎక్కువసార్లు వినపడే పేరు యామిగ్డలా. కణతల లోపల బాదం గింజంత ఉంటుంది, భయం, బెదిరింపు, ఎదుటివాళ్ళ మొహంలో భావం, వీటికి వెంటనే స్పందించే భాగం. బైపోలార్ ఉన్న టీనేజ్ పిల్లల్లో ఇది సగటున చిన్నగా ఉందని చాలా స్టడీల్లో వచ్చింది, పెద్దవాళ్ళలో మాత్రం ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. 2006లో వచ్చిన ఒక స్టడీలో బైపోలార్ ఉన్న పిల్లలకీ లేని పిల్లలకీ ఏ భావమూ లేని మొహాల ఫోటోలు చూపించారు, జబ్బున్న పిల్లలు ఆ మామూలు మొహాల్లో కూడా కోపం, శత్రుత్వం ఎక్కువగా ఉందని చెప్పారు, అదే టైంలో యామిగ్డలా కూడా ఎక్కువగా పనిచేసింది. అది చదివినప్పుడు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఎందుకు అలా కోపంగా చూస్తున్నావ్" అని మా తమ్ముడు అన్నం తినేటప్పుడు అమ్మని ఎన్నిసార్లు అడిగాడో, అమ్మ చూపులో ఏమీ ఉండేది కాదు. ఇదొక్క దాంతో వాడికి అలాగే జరిగిందని చెప్పలేను, స్టడీలో ఉన్నది రెండు గుంపులూ కలిపి నలభై మంది చిల్లరే, కానీ అబద్ధాలాడుతున్నాడు, కావాలని గొడవ పెట్టుకుంటున్నాడు అనుకోవడం మాత్రం మానేశాను.

ఇంకో చిక్కుంది. టీనేజ్ మెదడు ఆగి ఉండేది కాదు. ఆవేశానికి కళ్ళెం వేసే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ఇరవైల్లోకి వచ్చేదాకా మారుతూనే ఉంటుంది, ఈ వయసులో కార్టెక్స్ పల్చబడటం అందరిలోనూ మామూలుగా జరిగే పనే. అందుకని "పల్చబడింది" అన్న మాట విన్నప్పుడు ఆ వయసు వాళ్ళందరికన్నా ఎక్కువగానా అని అడగాలి, ఒక్కసారి తీసిన ఫోటోతో అది తేలదు.

మూడో ప్రశ్న కొంచెం లెక్క. కాగితం తీసుకోండి. 2011లో పాత స్టడీలన్నీ కలిపి చూసిన ఒక లెక్కలో పిల్లల్లో, టీనేజ్ వాళ్ళలో బైపోలార్ దాదాపు 1.8 శాతం అని వచ్చింది, మనం సులువు కోసం 1,000 మందిలో 20 అనుకుందాం. ఇప్పుడు ఒక టెస్ట్ వచ్చిందనుకోండి, జబ్బున్న 100లో 80 మందిని పడుతుంది, లేని 100లో 20 మందిని పొరపాటున పడుతుంది. వినడానికి బాగానే ఉంది కదా. 20 మందిలో 16 మంది దొరికారు. మిగిలిన 980లో 20 శాతం, అంటే 196 మంది పొరపాటున పడ్డారు. టెస్ట్ "ఉంది" అన్న 212 మందిలో నిజంగా ఉన్నది 16 మందికే, 100కి 8 మంది కూడా లేరు. ఇదే టెస్ట్ అమ్మానాన్నల్లో ఒకరికి బైపోలార్ ఉన్న పిల్లల మీద వాడితే మారుతుంది. పిట్స్‌బర్గ్ వాళ్ళ 2009 లెక్కల్లో అలాంటి పిల్లల్లో 100కి 10 మందికి పైగా ఏదో ఒక రకం బైపోలార్ కనపడింది, మామూలు కుటుంబాల పిల్లల్లో అది 100కి ఒక్కరి కన్నా తక్కువే. 1,000లో 100 మంది అనుకుని మీరే చేసి చూడండి, టెస్ట్ పట్టిన 260 మందిలో 80 మంది వస్తారు. డాక్టర్ మొట్టమొదట "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా" అని అడిగేది అందుకే, ఆ ప్రశ్నకి పరువు కోసం అబద్ధం చెప్పకండి. అలాగే ఇంట్లో ఉందని గుండెలు బాదుకోకండి కూడా, పిట్స్‌బర్గ్ లెక్కలో అలాంటి ప్రతి 100 మంది పిల్లల్లో దాదాపు 90 మందికి అప్పటికి బైపోలార్ లేదు.

మరి ముందుగా దేన్ని చూసి అనుమానించాలి అంటే, 2017లో అదే పిట్స్‌బర్గ్ టీమ్ ఒక రిస్క్ కాలిక్యులేటర్ తయారుచేసింది, అమ్మకో నాన్నకో బైపోలార్ ఉన్న పిల్లలకి వచ్చే ఐదేళ్లలో అది మొదలయ్యే అవకాశం ఎంతో లెక్కకట్టడానికి. జబ్బొచ్చిన పిల్లని, రాని పిల్లని జోడీగా తీసుకుంటే 100కి 76 సార్లు సరిగ్గా చెప్తుంది. పైన చూసిన 58తో పోల్చుకోండి, రెండూ వేరే వేరే గుంపుల మీద తీసినవే అనుకోండి. అందులో స్కాన్ లేనే లేదు. ఆందోళన, డిప్రెషన్, మూడ్ ఊరికే ఊగిపోవడం, మేనియా చిన్న మోతాదులో కనపడటం, స్కూల్లో ఇంట్లో ఎలా నెట్టుకొస్తున్నారు, అమ్మకో నాన్నకో జబ్బు ఏ వయసులో మొదలైంది, ఇవీ అందులో ఉన్నవి. అడిగి తెలుసుకునేవే అన్నీ. డఫీ టీమ్ చూసిన వరస కూడా ఇలాగే ఉంటుంది, చాలామందిలో చిన్నప్పుడు ఆందోళన, నిద్ర సమస్యలు, టీనేజ్‌లో డిప్రెషన్, ఆ తర్వాతెప్పుడో మొదటి మేనియా. మొదట డిప్రెషన్‌గానే కనపడుతుంది కాబట్టి డిప్రెషన్ మందు మొదలుపెట్టేటప్పుడు ఇంట్లో బైపోలార్ ఉందన్న సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి, కొందరిలో ఆ మందు మేనియాని లేపుతుంది.

ఇప్పుడు డైరీ తియ్యండి. మూడు పేజీలు ఇస్తున్నా, మూడూ నేను ప్రాక్టీస్ కోసం రాసినవే.

మొదటి పిల్ల, వయసు 15, పరీక్షలు, వారం రోజులు నాలుగేసి గంటలే నిద్ర, పొద్దున లేవలేకపోతోంది, కళ్ళు మంట, ఆదివారం పన్నెండు గంటలు పడుకుంది. రెండో పిల్లాడు, వయసు 16, ఐదు రాత్రులుగా మూడున్నర గంటలే నిద్ర, అయినా అలుపు లేదు, అర్ధరాత్రి లేచి రెండు కొత్త ప్రాజెక్టులు మొదలుపెట్టాడు, మాట ఆపట్లేదు, తన ఐడియాతో దేశం మారిపోతుందంటున్నాడు, రెండు నెలల కిందట గది దాటి వచ్చేవాడు కాదు. మూడో పిల్లాడు, వయసు 13, ఏడేళ్ల వయసు నించీ రోజూ చిరాకే, ఏ వారం చూసినా ఒకేలా ఉంటుంది, నిద్ర మామూలే.

మొదటిది నిద్ర దొరక్కపోవడం, రెండోది నిద్ర అక్కర్లేకపోవడం, ఈ రెండూ అస్సలు ఒకటి కాదు. మానసిక జబ్బుల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే డీఎస్ఎం-5 పుస్తకం ప్రకారం హైపోమేనియాకి, అంటే మేనియాకన్నా తక్కువ తీవ్రతలో ఉండేదానికి, కనీసం 4 రోజులు, మేనియాకి 7 రోజులు మూడ్‌తో పాటు ఓపిక కూడా మామూలుకన్నా పెరిగి ఉండాలి, హాస్పిటల్‌లో చేర్చాల్సినంత తీవ్రంగా ఉంటే రోజుల లెక్క చూడరు. రెండో పేజీ పట్టుకుని ఈ వారమే సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్ళాలి, పేరు పెట్టడం వాళ్ళ పని, తేదీలు ఇవ్వడం మన పని. మూడో పేజీని ఒకప్పుడు చాలాచోట్ల బైపోలార్ అనేసేవాళ్ళు, అమెరికాలో ఎలెన్ లైబెన్‌లఫ్ట్ టీమ్ ఇలాంటి పిల్లల్ని పెద్దయ్యేదాకా చూస్తే వాళ్ళలో తర్వాత ఎక్కువగా వచ్చినవి డిప్రెషన్, ఆందోళన, అందుకే 2013లో దానికి వేరే పేరు పెట్టారు. వాడికీ సాయం కావాలి, కాకపోతే వేరే సాయం.

ఒక్క విషయంలో మాత్రం డైరీ నిండేదాకా ఆగకండి. చచ్చిపోవాలని ఉందని అన్నా, రాసినా, లేనివి వినపడుతున్నాయన్నా, ఆ రోజే, ఆ గంటే డాక్టర్ దగ్గరికి.

ఈ వారం పని ఇది. ఇలాంటి వార్త ఒకటి వెతికి పట్టుకుని, స్కాన్ ఎప్పుడు తీశారు, తేడా ఎంత, ఎవరిలో ఎంతమందికి ఉండే జబ్బు అని మూడు ప్రశ్నలకీ ఆ వార్తలోనే జవాబు దొరుకుతుందేమో చూసి పక్కన రాసుకోండి. 5వ పాఠంలో ఆ డైరీని ఒక్క పేజీకి కుదించి, డాక్టర్ ముందు పది నిమిషాల్లో ఎలా చెప్పాలో చేద్దాం.