స్నోమొబైల్ మలుపులో మాట వినడం లేదా? సస్పెన్షన్ సమస్యలు, కారణాలు, సర్దుబాట్లు

మిన్నెసోటాలో స్థిరపడిన మన తెలుగువారిలో కొందరు ఒకటి రెండు శీతకాలాలు అద్దె స్నోమొబైల్ (ముందు జారే పలకల్లాంటి రెండు స్కీలు, వెనుక ట్రాకు అనే తిరిగే రబ్బరు బెల్టుతో మంచు మీద నడిచే బండి) నడిపి, రుచి మరిగి, ఎవరో వాడి అమ్మిన బండిని సొంతానికి కొనుక్కుంటారు. నేనూ అలాగే కొన్నాను. ఆ బండి పాత యజమాని బరువుకు, అతడు నడిపే తీరుకు తగినట్టు బిగించి ఉంటుందన్న సంగతి కొన్న కొత్తలో ఎవరికీ తట్టదు. మలుపులో బండి మాట వినకపోతే తమకు నడపడం రాదనుకుని కుంగిపోతారు, లేదంటే ఖరీదైన కొత్త షాకులు (షాక్ అబ్జార్బర్లు) కొనడానికి సిద్ధపడతారు. నేను చూసినంతవరకు ఈ ఇబ్బందుల్లో ఎక్కువ భాగం నాలుగు రెంచీలు, ఒక కొలత టేపు, ఒక మధ్యాహ్నం తీరిక ఉంటే తీరిపోయేవే. ఇక్కడ రాస్తున్నది యంత్రంతో చదును చేసిన మంచు బాటల మీద నడిపే బండ్ల గురించి మాత్రమే. కొండల్లో లోతైన పొడిమంచు మీద నడిపే పొడవు ట్రాకు బండ్ల లెక్క వేరు.

బరువు ఎక్కడ పడుతోంది?

స్నోమొబైల్ బరువును మూడు చోట్లు పంచుకుంటాయి. మొదటిది ముందున్న స్కీల జత. మిగిలిన రెండూ ట్రాకు లోపల ఉండే పట్టాల చట్రాన్ని బండికి కలిపే ముందు చేయి, వెనుక చేయి. ఎడ్లబండిలో బస్తాలు వెనక్కి సర్దితే కాడి పైకి లేస్తుంది, ముందుకు సర్దితే ఎద్దుల మెడ మీద భారం పడుతుంది. ఇక్కడ స్కీలది కాడి స్థానం, ట్రాకుది ఇరుసు స్థానం. స్కీల మీద బరువు చాలకపోతే బండి తిరగదు, మితిమీరితే హ్యాండిల్ తిప్పలేక భుజాలు పట్టేస్తాయి. కింద చెప్పే సర్దుబాట్లలో సగానికి పైగా ఈ బరువును ముందుకో వెనక్కో జరిపేవే కనుక, ఏ బోల్టు ముట్టుకునే ముందైనా అది బరువును ఎటు జరుపుతుందో తెలుసుకుని ఉండాలి.

ఏ లక్షణం కనిపించినా మొదటి పని ఒక్కటే: వెనుక సస్పెన్షన్ మీ బరువుకు ఎంత కుంగుతోందో కొలవడం. ఇంజను ఆపి, వెనుక బంపరును పట్టుకుని సస్పెన్షన్ పూర్తిగా సాగేదాకా పైకెత్తి, నేల నుంచి బంపరు ఎత్తు కొలవాలి. తర్వాత బూట్లు, కోటు, హెల్మెట్‌తో సహా సీటు మీద కూర్చుని, రెండు మూడు సార్లు ఊగి నిలకడగా ఉన్నప్పుడు, అదే చోట మరొకరి చేత కొలిపించాలి. ఈ రెండు కొలతల తేడా 50 నుంచి 75 మిల్లీమీటర్లు, అంటే రెండు మూడు అంగుళాలు ఉండాలని స్కీ-డూ బండ్ల పుస్తకాలు చెబుతాయి. మిగిలిన కంపెనీల అంకెలు మోడల్‌ను బట్టి మారతాయి కాబట్టి మీ బండితో వచ్చిన పుస్తకాన్నే ప్రమాణంగా తీసుకోవాలి. తేడా ఎక్కువగా ఉంటే వెనుక టోర్షన్ (మెలితిరిగే) స్ప్రింగుల సర్దుబాటు దిమ్మలను రెండు వైపులా సమానంగా, ఒక్కో మెట్టు చొప్పున పెంచాలి. చివరి మెట్టుకు వచ్చినా కుంగుడు తగ్గకపోతే ఆ స్ప్రింగులు మీ బరువుకు సరిపోవు. వాటిని మార్చడమే దారి. ఈ కొలత తప్పుగా ఉన్నంతకాలం మిగతా సర్దుబాట్లేవీ సరైన ఫలితం ఇవ్వవు.

మరొక మాట. ఏది మార్చే ముందైనా, అది ఇప్పుడు ఏ రంధ్రంలో, ఎన్నో మెట్టులో, ఎన్ని మిల్లీమీటర్లలో ఉందో నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఒకసారికి ఒక్కటే మార్చి, తెలిసిన బాట మీద ఒకే వేగంతో ఒకటి రెండు కిలోమీటర్లు నడిపి చూడాలి. రెండు సర్దుబాట్లు కలిపి చేస్తే మేలు దేనివల్ల జరిగిందో, కీడు దేనివల్ల జరిగిందో తేల్చుకోలేరు.

స్కీలు తిరిగినా బండి నేరుగా పోతుంటే

ఎక్కువమంది చెప్పుకునే ఇబ్బంది ఇదే, ప్రమాదకరమైనదీ ఇదే, ఎందుకంటే మలుపు బయటి అంచున ఉండేవి చెట్లు, లేదా ఎదురుగా వచ్చే మరో బండి.

మొదటి అనుమానం స్కీల అడుగున ఉండే ఉక్కు కడ్డీల మీద పడాలి. మంచును కోసి పట్టు ఇచ్చేది ఆ కడ్డీలకు అతికిన కార్బైడ్ అనే గట్టి పదార్థపు ముక్కలే. బండిని పక్కకు ఒరిగించి వేలితో తడిమి చూడండి: అంచు పదునుగా తగలకుండా గుండ్రంగా ఉంటే, లేదా కార్బైడ్ విరిగి ఊడిపోయి ఉంటే, సస్పెన్షన్ జోలికి పోకుండా ముందు ఆ కడ్డీలు మార్చాలి. నేను ఈ తప్పు చేసి నేర్చుకున్నాను. మొదటి ఏడాది నా బండి మలుపుల్లో జారుతుంటే నేరుగా లిమిటర్ స్ట్రాపులను (ట్రాకు ముందు చేయిని కట్టి ఉంచే పట్టీలను) రెండు రంధ్రాలు కుదించాను. హ్యాండిల్ బరువెక్కింది, గతుకుల్లో ముందు భాగం దభీమని కొట్టుకోసాగింది, జారడం మాత్రం తగ్గలేదు. కార్బైడ్ అరిగిపోయిందని ఆ తర్వాత నెలకు గాని గమనించలేదు. కొత్త కడ్డీలు వేసి, స్ట్రాపులను పాత రంధ్రాలకు తెచ్చాక బండి చక్కగా తిరిగింది.

కడ్డీలు బాగానే ఉన్నాయనుకుందాం, వెనుక కుంగుడూ సరిచేశారు, అయినా జారుతోంది. అప్పుడు కారణం స్కీల మీద బరువు చాలకపోవడమే. ట్రాకు ముందు చేయి దగ్గర ఉండే మధ్య షాకు స్ప్రింగును బిగించినకొద్దీ అది బండి ముందు భాగాన్ని పైకెత్తి స్కీల బరువును తగ్గిస్తుంది. కాబట్టి ముందు ఆ స్ప్రింగు ప్రీలోడ్‌ను (నిలకడగా ఉన్నప్పుడే దాని మీద ఉండే బిగింపును) కొంచెం వదులు చేసి చూడాలి. అది చాలకపోతే లిమిటర్ స్ట్రాపుల వంతు. ముందు చేయి ఎంతవరకు కిందికి సాగవచ్చో నిర్ణయించేవి ఇవే; వీటిని కుదిస్తే పట్టాల ముందు భాగం పైకి లాగబడి స్కీల మీద బరువు పెరుగుతుంది. రెండు స్ట్రాపులుంటే రెండింటినీ ఒకే రంధ్రానికి, ఒకసారికి ఒక్క రంధ్రం మాత్రమే జరపాలి. పొడవు మారితే ట్రాకు బిగుతు కూడా మారుతుంది కనుక దాన్ని వెంటనే సరిచూసుకోవాలి. చివరిగా, ముందు స్కీ షాకుల స్ప్రింగులు మరీ వదులుగా ఉంటే వాటి ప్రీలోడ్‌ను రెండు వైపులా సమానంగా కొద్దిగా పెంచవచ్చు.

ఇక్కడ నడిపేవారి చేతి పాత్ర కూడా ఉంది. మలుపు మధ్యలో థ్రాటిల్ (వేగం పెంచే మీట) గట్టిగా నొక్కితే బరువు వెనక్కి పోయి స్కీలు తేలికవుతాయి. మలుపుకు ముందే వేగం తగ్గించుకుని, లోపలికి ఒరిగి, బయటకు వచ్చేటప్పుడు మాత్రమే థ్రాటిల్ ఇస్తూ ఒకసారి నడిపి చూడండి. లక్షణం మాయమైతే బండిలో లోపం లేనట్టే.

స్కీలు గాడుల వెంట పరుగెడుతుంటే

తిన్నని బాట మీద హ్యాండిల్ మీ ప్రమేయం లేకుండా అటూ ఇటూ కొట్టుకుంటుంది. కారణం ముందు వెళ్లిన బండ్ల కార్బైడ్ గట్టి మంచులో కోసిన గాడులు. మీ స్కీ ఆ గాడిలో పడి అది పోయిన వైపే పోతుంది. గాడులు లేకుండా చేయడం మన చేతిలో లేదు, కానీ బండి వాటికి ఎంతగా లొంగుతుందో మన చేతిలో ఉంది.

ముందుగా బండి ముక్కు భాగాన్ని కొద్దిగా పైకెత్తి, ప్రతి స్కీని చేతులతో పట్టుకుని కుదపండి. హ్యాండిల్ కదలికను స్కీలకు అందించే టై రాడ్ చివరల్లో, స్కీ కాలు తిరిగే బుష్‌లలో, స్కీ బోల్టు దగ్గర ఎక్కడ లొడలొడ వినిపించినా అరిగిన ముక్కను మార్చాలి. ఆ తర్వాత స్కీల వరస చూడాలి. బండిని సమతలం మీద తన బరువుతో నిలబెట్టి, హ్యాండిల్‌ను తిన్నగా కట్టి, రెండు స్కీ ముక్కులను సాగే రబ్బరు తాడుతో కలిపి ఉంచాలి. కీళ్లలోని చిన్న వదులంతా అప్పుడు ఒకవైపుకు చేరి కొలత నిజమైనది వస్తుంది. ట్రాకు పక్కన ఆనించిన పొడవైన తిన్నని కడ్డీని ఆధారం చేసుకుని, స్కీ అడుగు కడ్డీ ముందు కొసకు, వెనుక కొసకు దూరం కొలవాలి. సాధారణంగా స్కీల ముందు కొసలు వెనుక కొసల కంటే 3 నుంచి 6 మిల్లీమీటర్లు బయటికి తెరుచుకుని ఉండాలి. లోపలికి ముడుచుకుని ఉండడం ఎప్పుడూ తప్పే: రెండు స్కీలూ ఒకదానితో ఒకటి పోట్లాడుతూ బండిని నిలకడగా పోనివ్వవు.

వరస సరిగ్గా ఉండి, వదులేమీ లేకపోయినా ఈ లక్షణం మిగిలితే, స్కీల మీద బరువు ఎక్కువై ఉండవచ్చు. స్కీ షాకుల ప్రీలోడ్‌ను కాస్త తగ్గించి చూడాలి. స్కీకి, దాని కాలికి మధ్య ఉండే రబ్బరు దిమ్మ వెనుక భాగం కింద సన్నని పలక పెట్టి, ఒత్తిడి స్కీ వెనుక సగానికి మళ్లించడం చాలామంది చేసే పని, అది ఫలిస్తుంది కూడా. అయితే లొడలొడను కప్పిపుచ్చడానికి దాన్ని వాడకూడదు.

హ్యాండిల్ బరువుగా ఉంటే

ఇది మొదటి లక్షణానికి సరిగ్గా తలకిందులు. స్ట్రాపులు ఎక్కువ కుదించి ఉన్నాయేమో, మధ్య స్ప్రింగు మరీ వదులైందేమో, వెనుక స్ప్రింగులు అవసరానికి మించి బిగించి బరువునంతా ముందుకు తోస్తున్నాయేమో చూడాలి. స్కీ కాళ్లకు గ్రీజు పట్టించి ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకోవడం అన్నిటికంటే చవకైన పరిష్కారం.

మలుపులో లోపలి స్కీ గాలిలోకి లేస్తుంటే

కొంచెం లేవడం సహజమే. అడుగు ఎత్తుకు లేచి గుండె ఝల్లుమనిపిస్తే మాత్రం ముందు భాగం మరీ ఎత్తుగా, గట్టిగా ఉందన్నమాట. స్కీ షాకుల ప్రీలోడ్‌ను రెండు వైపులా సమానంగా తగ్గించి ముక్కును కిందికి దింపాలి. రెండు స్కీలను కలిపే స్వే బార్ లింకు విరిగిందేమో, ఊడిందేమో కూడా చూడాలి, ఎందుకంటే బండి ఒకవైపు ఒరగకుండా ఆపేది ఆ కడ్డీయే. స్కీల మీద బరువు మితిమీరినప్పుడు ముందు భాగం గట్టిగా పట్టుకుని, వెనుక భాగం బయటికి జారడం లేదా లోపలి స్కీ లేవడం జరుగుతుంది. అటువంటప్పుడు స్ట్రాపును ఒక్క రంధ్రం వదులు చేస్తే రెండూ కుదుటపడతాయి. థ్రాటిల్ ఇచ్చినప్పుడు తిన్నని బాట మీద కూడా రెండు స్కీలు కలిసి లేస్తుంటే మాత్రం స్ట్రాపును కుదించాలి, లేదా వెనుక చేయి కదలికను కట్టడి చేసే దిమ్మలున్న బండి అయితే వాటిని ఒక మెట్టు పెంచాలి.

గతుకుల్లో వెనుక భాగం తన్నుతుంటే, లేదా బిగుసుకుపోతుంటే

మిన్నెసోటాలో 22,000 మైళ్లకు పైగా స్నోమొబైల్ బాటలున్నాయి. వాటిలో ఎక్కువ భాగాన్ని స్థానిక క్లబ్బుల సభ్యులే చదును చేసి నిలబెడతారు. రాత్రి చదును చేసిన బాట పొద్దున బల్లపరుపుగా ఉంటుంది; శనివారం సాయంత్రానికి అదే బాట వరుస గతుకులతో నిండిపోతుంది. పొద్దున హాయిగా అనిపించిన అమరిక సాయంత్రం నడుము విరగ్గొట్టడానికి కారణం ఇదే, కాబట్టి సర్దుబాటు పరీక్షను ఎప్పుడూ గతుకులున్న వేళే చేయాలి.

ఇక్కడ మూడు వేర్వేరు లక్షణాలను కలగాపులగం చేయకూడదు. మొదటిది, పెద్ద గతుకులో సస్పెన్షన్ అడుగంటా కుంగి ఠంగుమని తగలడం. షాకు కడ్డీకి సన్నని ప్లాస్టిక్ పట్టీ బిగించి నడిపితే అది ఎంతదూరం జరిగిందో చూసి ప్రయాణం ఎంత వాడుకున్నారో తెలుసుకోవచ్చు. రోజంతటిలో ఒకటి రెండు సార్లు అడుగంటితే మంచిదే. పదేపదే తగిలితే ప్రీలోడ్‌ను, కంప్రెషన్ (షాకు కుంగే వేగాన్ని అదుపు చేసే) మరను పెంచాలి. రెండోది, మొదటి రెండు గతుకులు మెత్తగా దాటి, వరుసలో అయిదో గతుక్కు వచ్చేసరికి బండి రాయిలా బిగుసుకుపోవడం. షాకు ఒక గతుకు నుంచి తిరిగి సాగేలోపే రెండోది వచ్చి పడుతోందని దీని అర్థం. రీబౌండ్, అంటే షాకు తిరిగి సాగే వేగం, నెమ్మదిగా ఉంది, దాన్ని రెండు క్లిక్కులు వదులు చేయాలి. దీన్ని స్ప్రింగు గట్టిదనంగా పొరబడి స్ప్రింగును ఇంకా వదులు చేసేవారిని చూశాను, దానితో పరిస్థితి మరింత చెడుతుంది. మూడోది, గతుకు దాటాక సీటు మిమ్మల్ని పైకి విసరడం. ఇక్కడ రీబౌండ్ మరీ వేగంగా ఉంది, కొంచెం బిగించాలి. మర ఉన్న షాకులలో ముందుగా దాన్ని పూర్తిగా మూసి, అక్కడి నుంచి ఎన్ని క్లిక్కులు తెరిచారో లెక్కపెట్టి రాసుకోవాలి. మూసేటప్పుడు బలవంతంగా బిగిస్తే లోపలి సూది దెబ్బతింటుంది.

చలి పెరిగితే అమరిక మారిపోతుంటే

గాలి నింపే షాకులున్న బండికి ఇది ప్రత్యేకమైన ఇబ్బంది. వేడి గ్యారేజీలో 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాలి ఒత్తిడి 70 పీఎస్‌ఐ పెట్టి బయటికి తీస్తే, మైనస్ 20 డిగ్రీల చలిలో అదే షాకులో ఇంచుమించు 58 పీఎస్‌ఐ మాత్రమే మిగులుతుంది. గాలి ఎక్కడికీ కారిపోలేదు, చల్లబడి దాని ఒత్తిడి తగ్గిందంతే. కాబట్టి బండిని బయట కనీసం ఒక గంట ఉంచి, అక్కడే, సస్పెన్షన్ మీద బరువు లేకుండా ఎత్తి పెట్టి, షాకు పంపుతో కొలిచి నింపాలి. పంపు గొట్టం తొలిసారి తగిలించగానే కొంత గాలి గొట్టంలోకి పోయి అంకె తక్కువగా కనిపిస్తుంది, దాన్ని లీకు అనుకుని కంగారుపడవద్దు.

మామూలు షాకులలో లోపలి నూనె చిక్కబడి మొదటి కొన్ని కిలోమీటర్లు బండి బిరుసుగా ఉంటుంది. అది వేడెక్కేదాకా ఏ మరా తిప్పకూడదు. వేడెక్కాక కూడా ఒక షాకు మెత్తబడి, కడ్డీ చుట్టూ నూనె తడి కనిపిస్తే సీలు పోయినట్టు. నైట్రోజన్ నింపిన షాకును ఇంట్లో విప్పడానికి ప్రయత్నించవద్దు, లోపల ఒత్తిడి చేతికి, కంటికి ప్రమాదం తెచ్చేంత ఉంటుంది. బండి నుంచి ఊడదీసి, జత షాకుతో సహా, తగిన పరికరాలున్న మెకానిక్కుకు ఇవ్వండి. ఒకదానికి కొత్త నూనె, రెండోదానికి పాత నూనె ఉంటే బండి ఎడమ మలుపులో ఒకలా, కుడి మలుపులో ఒకలా ప్రవర్తిస్తుంది.