మట్టి పరీక్షకు నమూనా తీయడం ఎలా?

పొలానికి ఎంత ఎరువు వేయాలో పక్క చేను చూసి తేల్చుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. మట్టి పరీక్ష చేయించినవాళ్లలోనూ చాలామంది గట్టు పక్కన దోసెడు మట్టి తవ్వి పంపేసి, రిపోర్టు తప్పని ల్యాబును తిడతారు.

పార, ప్లాస్టిక్ బకెట్, శుభ్రమైన గుడ్డ, కొత్త సంచి, పెన్సిల్ ఉంటే చాలు. జింకు పూత ఉన్న బకెట్ వద్దు, మట్టిలో జింకు లోపం ఉన్నా రిపోర్టులో బయటపడదు. పెన్ను కూడా వద్దు, చెమ్మ తగిలితే అక్షరాలు అలుక్కుపోతాయి.

పంట కోశాక, కొత్తగా ఎరువేమీ వేయకముందు తీయాలి. ఒకే పొలంలో ఎర్రమట్టి, నల్లమట్టి రెండూ ఉన్నా, మెరక, పల్లం ఉన్నా దేనికదే వేరు నమూనా.

అసలు తిప్పలన్నీ మట్టి తీయడంలోనే. ఎకరం పొలంలో పై ఆరు అంగుళాల మట్టి దాదాపు 9 లక్షల కిలోలు. మనం పంపేది అర కిలో, ల్యాబులో పరీక్షకు వాడేది కొన్ని గ్రాములు. ఆ కాస్త మట్టే పొలమంతటి గురించీ చెప్పాలి. అందుకే అడ్డదిడ్డంగా నడుస్తూ 10 నుంచి 15 చోట్ల తీయాలి. నేనైతే 15కి తగ్గను, మీరూ తగ్గొద్దు. గట్ల దగ్గర, చెట్ల నీడలో, పెంటకుప్ప వేసిన చోట, నీటి కాలువ పక్కన తీయకూడదు.

ప్రతి చోటా పైనున్న ఆకులు, చెత్త పక్కకు తీసేయండి. మట్టిని మాత్రం చెక్కేయొద్దు, సత్తువంతా ఆ పైపొరలోనే ఎక్కువ. ఇంగ్లిష్ 'వి' అక్షరంలా ఆరు అంగుళాల లోతున గుంత తీసి, ఆ మట్టి పక్కన పడేయండి. ఇప్పుడు గుంత గోడ నుంచి పైనుంచి కింది దాకా వేలు మందాన ఒకే పెచ్చు కోయాలి. పారతో ఒక్క పోటు పొడిచి వచ్చిందంతా బకెట్లో వేస్తే పైమట్టి ఎక్కువ, అడుగుమట్టి తక్కువ పడుతుంది. రిపోర్టులో పొలం ఉన్నదానికంటే బలంగా కనిపిస్తుంది, మీరు ఎరువు తగ్గిస్తారు, పైరు పాలిపోతుంది. పండ్ల తోటకు ఈ లోతు చాలదు, మూడడుగుల దాకా ఒక్కో అడుగు మట్టి విడివిడిగా తీయాలి.

అన్నీ గుడ్డ మీద పోసి గడ్డలు చిదిపి, బాగా కలిపి, గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేయండి. ఎదురెదురు భాగాలు రెండు తీసేసి మిగతాది మళ్లీ కలపండి. అర కిలో మిగిలేదాకా ఇదే పని. కొందరు కుప్ప మీంచి గుప్పెడు తీసి సంచిలో వేస్తారు, అప్పుడు 15 గుంతలు తవ్విన కష్టం వృథా. నీడలోనే ఆరబెట్టాలి. ఒకసారి నేను భాస్వరం ఎరువైన డీఏపీ ఖాళీ సంచి పరిచి ఆరబెట్టాను. భాస్వరం దండిగా ఉందని రిపోర్టు వచ్చింది!

రిపోర్టులో ముందు పీహెచ్ చూడండి, నేల ఆమ్లమా క్షారమా చెప్పే అంకె అది. 6.5 నుంచి 7.5 మధ్య ఉంటే బెంగ లేదు. 8.5 దాటితే చౌడు అనుమానించాలి. అలాంటి నేలలో భాస్వరం, జింకు ఉన్నా మొక్కకు సరిగా అందవు. నేలను బాగుచేయకుండా బస్తాలు పెంచితే డబ్బు దండగ.

ఆ తర్వాత లెక్క. 50 కిలోల డీఏపీ బస్తాలో 23 కిలోల భాస్వరంతో పాటు 9 కిలోల నత్రజని కూడా ఉంటుంది. ఆ 9 కిలోలు తీసేశాకే యూరియా ఎంతో చూడాలి. యూరియాలో నత్రజని 46 శాతం. ఎకరాకు 40 కిలోల నత్రజని వేయమంటే, ఒక బస్తా డీఏపీ వేసిన చోట మిగిలిన 31 కిలోలకు 67 కిలోల యూరియా సరిపోతుంది. ఈ తీసివేత మరిచి 87 కిలోలు చల్లేవాళ్లే ఎక్కువ.

మూడేళ్లకోసారి, అదే నెలలో మళ్లీ తీయండి. పాత రిపోర్టు దాచుకోండి, రెండూ పక్కపక్కన పెడితేనే భాస్వరం పేరుకుంటోందో తరుగుతోందో తెలిసేది.