ఎండాకాలానికి లేత రంగు బట్టలు, పాత బూట్లు: జత కుదర్చడం ఎలా?

హైదరాబాద్‌లో ఎండ 40 డిగ్రీలు దాటిందంటే అందరికీ తెల్లబట్టలు గుర్తొస్తాయి. మామూలుగా ముందు చొక్కా కొని, తర్వాత దానికి తగ్గ బూట్లు వెతుక్కుంటాం. వాడిన బూట్లు కొనాలనుకుంటే మాత్రం ఈ వరుస తిప్పెయ్యాలి. గంధం రంగు కుర్తా ఏ వీధిలో అడిగినా దొరుకుతుంది. పాత బూట్లు అలా కాదు. అంత కుప్పలో మన పాదానికి సరిపోయేది ఒక్క జత ఉంటుంది, దాని రంగు మన చేతిలో ఉండదు. కాబట్టి ముందు బూట్లు.

1. బూట్లు ఎంచుకోండి

ఎర్రగడ్డలో ఆదివారం సంత ఉంది, మెట్రో దిగి వెళ్లొచ్చు. పాతబస్తీ వైపు జుమ్మేరాత్ బజార్ ఉంది, ఉర్దూలో జుమేరాత్ అంటే గురువారం, పేరులోనే రోజు ఉంది కదా. ఎండ ముదరకముందే వెళ్లండి. అయితే పాదాలు సాయంత్రానికి కాస్త ఉబ్బుతాయి. పొద్దున సరిగ్గా పట్టిన బూటు సాయంత్రానికి కరుస్తుంది. అందుకే కాటన్ సాక్సులు వెంట తీసుకెళ్లి, వేసుకుని నిలబడి, కాలివేళ్ల ముందు చేతి బొటనవేలి వెడల్పు ఖాళీ ఉందో లేదో చూసుకోండి.

బూటు నాలుక లోపల ఉన్న అంకెను గుడ్డిగా నమ్మొద్దు. మనం షాపులో చెప్పేది ఎక్కువగా యూకే సైజు. మగవాళ్ల స్పోర్ట్స్ షూలో యూకే 7 అంటే ఇంచుమించు యూఎస్ 8, యూరప్ 41.

అసలు పరీక్ష అడుగుది. ఒకసారి నేను ఓ చోట తళతళలాడే తెల్ల బూట్లు 300కే వచ్చాయని మురిసిపోయి కొన్నాను. మూడో రోజు మెట్లు దిగుతుంటే అడుగు బిస్కెట్‌లా రాలిపోయింది. కొన్ని బూట్ల అడుగున పాలీయురేథేన్ ఫోమ్ ఉంటుంది. గాలిలోని తేమకు అది ఏళ్ల తరబడి లోలోపలే చివికిపోతుంది, బూటు వేసుకోకుండా పెట్టెలో దాచినా సరే. కాబట్టి కొత్తగా కనిపించడం గ్యారంటీ కాదు. బొటనవేలితో నొక్కండి, వంచి చూడండి. జిగటగా ఉన్నా, పొడి రాలినా వదిలెయ్యండి. మడమ ఒకపక్కే అరిగినదీ వద్దు. కుట్టు ఊడితే టెన్షన్ అక్కర్లేదు, చెప్పులు కుట్టే ఆయన చుట్టూ కుట్టేస్తాడు.

2. శుభ్రం చెయ్యండి

లోపలి ఇన్‌సోల్ పీకి పారేసి కొత్తది వెయ్యండి. ఇందులో మొహమాటం వద్దు, అది పాత యజమాని చెమట తాగి ఉంటుంది. లేసులు సర్ఫ్ నీళ్లలో నానెయ్యండి. కాన్వాస్ అయితే పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, సబ్బు పూర్తిగా పోయేదాకా కడగండి, లేకపోతే పసుపు మరకలు కడతాయి. తోలుకు తడిగుడ్డ చాలు. రెండింటికీ లోపల న్యూస్‌పేపర్ కుక్కి నీడలో ఆరనివ్వండి. మన మే ఎండలో పెడితే జిగురు వదిలేస్తుంది.

3. బట్టలు జత చెయ్యండి

తెల్ల కాన్వాస్ బూట్లు దొరికితే దాదాపు ఏదైనా నడుస్తుంది. ముదురు గోధుమ రంగు తోలు బూట్లయితే కోరా రంగు మంగళగిరి కాటన్ కుర్తా, లేత ఖాకీ ప్యాంటు వెయ్యండి. పైనా కిందా ఒకే రంగైతే యూనిఫాంలా ఉంటుంది, ఒకటి కాస్త ముదురుగా ఉండాలి. మీగడ రంగు నూలు చీర కిందా కాన్వాస్ బూట్లు బాగుంటాయి. కుచ్చిళ్లు ఒక అంగుళం పైకి కట్టుకుంటే చాలు.

లేత బూడిద రంగు టీషర్టుతో జాగ్రత్త. చెమట మచ్చను తెలుపు కొంత దాస్తుంది, బూడిద ఊరంతా చాటుతుంది. తెలుపు కొనేముందు బట్ట లోపల చెయ్యి పెట్టండి. చేతి గీతలు కనిపిస్తే అది మరీ పల్చన. లోపల తెల్ల బనియన్ కాకుండా ఒంటి రంగుది వేసుకుంటే కనపడదు. గంజి పెడితే పల్చగా పెట్టండి, మెడ దగ్గర గీసుకోకుండా ఉంటుంది.

4. నడిచి చూడండి

మొదటి రోజే వేసుకుని చార్మినార్ బజార్లన్నీ తిరగొద్దు. సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద అరగంట నడవండి. కరిచిన చోట ప్లాస్టర్ వేసి ఇంకో రెండు రోజులు చూడండి. అప్పటికీ కరిస్తే మళ్లీ ఆదివారం ఎర్రగడ్డే.