బొమ్మ డ్రోన్ చిప్‌లో ప్రోగ్రామ్ మార్చే ముందు

దసరా సెలవులకి మా అబ్బాయీ వాడి స్నేహితులూ అరచేతిలో పట్టే బొమ్మ డ్రోన్లకి కొత్త ప్రోగ్రామ్ ఎక్కిస్తామని కూర్చున్నారు. మన శ్రీకాకుళానికి అవి తుపాను రోజులు కూడా. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. కరెంటూ కొరియరూ మన చేతిలో ఉండవు. అందుకే సామాను మొత్తం ఇంటికి చేరాకే పని మొదలుపెట్టండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఈ చిప్‌లకి, లోపలి ప్రోగ్రామ్ ఎవరూ చదవకుండా, మామూలుగా ఫ్యాక్టరీలోనే తాళం వేసి పంపుతారు. అది తీసిన మరుక్షణం పాత ప్రోగ్రామ్ చెరిగిపోతుంది. ముందుగా కాపీ తీసి పెట్టుకునే వీలు కూడా ఉండదు. మధ్యలో ఆగితే బొమ్మ ఎగరదు.

ముందు చిప్ ఏదో తేల్చుకోండి. నిరుడు మేం ఒకే పేరు, ఒకే రంగు ఉన్నవి రెండు తెప్పించాం. మూత తీసి భూతద్దంతో చూస్తే ఒకదానిలో చిప్ మీద ఎస్‌టీఎం32 అని ఉంది (ఇది ప్రోగ్రామ్ మార్చగలిగే రకం), రెండోదాని మీద అక్షరమే లేదు. రెండోదానికి మళ్లీ మూత బిగించేసి అలాగే ఎగరేసుకున్నాం. చవక బొమ్మల్లో చాలావాటికి ఒక్కసారే రాయగలిగే చిప్ పెడతారు, దాన్ని మార్చడం కుదరదు.

ల్యాప్‌టాప్ నుంచి చిప్‌లోకి ప్రోగ్రామ్ ఎక్కించే పరికరం ఎస్‌టీ-లింక్ వీ2, పెన్‌డ్రైవంత ఉంటుంది. చవకగా దొరికే నకళ్లలో పిన్నుల వరస ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది, తొడుగు మీది అచ్చుని నమ్మకండి. ఆ రేకు తొడుగు మెల్లగా లాగి, లోపల బోర్డు మీద రాసిందే చూడండి. 3.3 వోల్టుల పిన్నుతో పాటు అక్కడే 5 వోల్టులదీ ఉంటుంది, చిప్ ఓర్చుకునేది 3.6 వరకే. కలిపే ముందు మల్టీమీటర్ పెట్టి చూడాల్సిందే. దాన్నుంచి డ్రోన్ బోర్డుకి కావాల్సిన తీగలు నాలుగు: డేటా, క్లాక్, గ్రౌండ్, 3.3. ఎస్‌టీ-లింక్ నుంచి కరెంటు ఇస్తున్నప్పుడు డ్రోన్ బ్యాటరీ తగిలించకండి.

డ్రోన్ బోర్డు మీద సాల్డరింగ్ చేసే చుక్కలు నువ్వుగింజంత ఉంటాయి. మామూలు కరెంటు తీగ పనికిరాదు. మొబైల్ రిపేరు షాపులో "జంపర్ వైర్ ఇవ్వు తమ్ముడూ" అని అడగండి, కాస్త ఫ్లక్స్ పేస్టూ తీసుకోండి. సాల్డరింగ్ ఐరన్‌కి సన్న ముక్కు ఉండాలి. తీగ అతికాక దాన్ని బోర్డుకి టేపుతో అంటించండి. చెయ్యి తగిలి తీగ లాగితే చుక్క కూడా ఊడొస్తుంది, అది ఊడితే మళ్లీ అతికించడం చాలా కష్టం.

ల్యాప్‌టాప్ నిండా చార్జింగ్ ఉంచుకోండి. ఎస్‌టీ-లింక్ డ్రైవరు, ప్రోగ్రామ్ ఎక్కించే ఓపెన్‌ఓసీడీ సాఫ్ట్‌వేర్, మీ బోర్డుకి సరిపోయే కొత్త ప్రోగ్రామ్ ఫైలు ముందే దించుకోండి. డ్రోన్ బ్యాటరీ నిండితే 4.2 వోల్టులు, 3 కిందికి దిగితే పాడవుతుంది. ఉబ్బినదాన్ని చార్జింగ్ పెట్టొద్దు, పొడవొద్దు.

ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు మోటార్లు ఉన్నట్టుండి తిరగొచ్చు, రెక్కలు ముందే తీసేయండి. కొత్త ప్రోగ్రామ్‌తో రిమోట్ బటన్ల పని మారిపోతుంది. ఆపే బటన్ ఏదో రెక్కలు లేకుండానే చూసుకుని, మొదటిసారి గదిలో తలుపులు వేసి, పరుపు మీద ఎగరేయండి.